నల్ల బీరుకు అత్తగారి మార్కులు

టీచరమ్మ బతుకంతా పిల్లలకు లెక్కలు చెప్పింది. అన్నేళ్ళలో ఎవరికీ ఒక్క మార్కు ఊరికే వేసిన పాపాన పోలేదు. కన్నకొడుకు తన క్లాసులోనే కూర్చున్న ఏడాది కూడా వాడు గట్టెక్కేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆవిడ వియ్యపురాలిది సరిగ్గా దీనికి తిరగేసిన గుణం. ఆవిడకు బ్యూటీ పార్లర్ ఉంది. కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషికీ అద్దం చూపించి, "అబ్బ, పదేళ్ళు తగ్గిపోయారండీ" అనడం ఆవిడ వృత్తి, ఇంటికొచ్చాక అలవాటు. ఈ ఇద్దరూ పెళ్ళినాటి నుంచీ ఎదురుపడితే "వదినగారూ" అంటే "వదినగారూ" అని నవ్వుకోవడం, పక్కకు తిరిగి మూతి ముడుచుకోవడం. అంతకుమించి మాటల్లేవు.

అలాంటి ఇద్దరూ ఆ ఆదివారం పొద్దున్నే, కాఫీ తాగిన నోరు ఇంకా ఆరకముందే, ఒక నేలమాళిగలో బోర్లించిన సీసాల పెట్టెల మీద పక్కపక్కన కూర్చుని, చేతుల్లో చిన్న చిన్న గాజు గ్లాసులు పట్టుకుని ఉన్నారు. ఇద్దరూ జన్మలో బీరు ముట్టినవాళ్ళు కారు. ఇంత చోద్యానికీ కారణం ఎవరయ్యా అంటే, టీచరమ్మ కోడలి కడుపులో ఉన్న ఏడు నెలల బిడ్డ.

కోడలు బీరు కాస్తుంది. అందరూ తాగే పసుప్పచ్చ బీరు కాదు. బొగ్గులా నల్లగా, మామూలు బీరుకు రెండింతలు పైగా ఘాటుగా ఉండే రకం. దాన్ని ఏడాదిపాటు చెక్క పీపాల్లో పసిబిడ్డల్లే పడుకోబెట్టి, నిదానంగా నిద్రలేపి సీసాలకెక్కిస్తుంది. ఈసారి మూడు పీపాలు పెట్టింది. సీసాలు నింపే మిషను బండి సాయంత్రం వస్తుంది. అది ఊళ్ళు తిరిగే అద్దె బండి, ఇవాళ తప్పితే మళ్ళీ ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. ఈలోగా మూడు పీపాలూ రుచి చూసి, దేంట్లోంచి ఎంత పోయాలో తేల్చి, పెద్ద ట్యాంకులో కలపాలి. ఒక్కటి చెడిందని తెలియక కలిపారా, మిగతా రెండూ దాంతోపాటే గంగపాలు. ఏడాది కష్టం ఒక్క గుక్కలో పోతుంది.

రుచి చూడాల్సిన కోడలు చుక్క ముట్టుకోకూడదు. పోనీ వాసన చూద్దామా అంటే, నెల తప్పినప్పటి నుంచీ ఆ పిల్లకు గులాబీపువ్వు కూడా పాత చెప్పుల కంపే కొడుతోంది. చూడగల మరో మనిషి ఆ పిల్ల మొగుడు, టీచరమ్మ కొడుకు. వాడికి వారం నుంచీ రొంప. ముక్కు రెండువైపులా దిబ్బడేసి, ఉల్లిపాయనీ ఆపిల్‌పండునీ కళ్ళతో చూసి తేడా చెప్పే స్థితిలో ఉన్నాడు.

"ఎవరైనా తెలిసినవాళ్ళని పిలవరాదుటే?" అంది పార్లర్ వదినగారు కూతుర్ని.

"తెలిసినవాళ్ళంటే ఇంకో బ్రూవరీ వాళ్ళేనమ్మా. వాళ్ళ నాలుకకి నా పీపాలు అప్పజెప్పనా? మీరిద్దరూ చాలు. ఏమనిపిస్తే అది చెప్పండి. కాస్త చప్పరించండి, మధ్యలో నీళ్ళు తాగి రొట్టెముక్క నమలండి, మిగిలింది బకెట్లో పొయ్యండి."

ఇంత చెప్పి, వాసన పడక, సుద్దముక్క పట్టుకుని మెట్ల దగ్గరికి పోయి గాలికి అటు తిరిగి కూర్చుంది. అక్కడే వచ్చింది చిక్కు. కంచంలో మెతుకు వదిలిన పిల్లాడిని బెంచీ ఎక్కించిన చెయ్యి టీచరమ్మది. గ్లాసులో ఉన్నది బకెట్లో పొయ్యమంటే ఆ చెయ్యి వింటుందా? వినలేదు. టీచరమ్మ పారబొయ్యకపోయేసరికి, తాను పారబోస్తే కూతురి కష్టానికి విలువివ్వలేదంటారేమోనని వదినగారూ పారబొయ్యలేదు.

కొడుకు మొదటి పీపా ముఖానికి కొట్టిన సన్నటి స్టీలు మేకు పీకాడు. నల్లటి ధార సర్రున దూకి గ్లాసులో పడింది. మేకు మళ్ళీ దిగేసి, గ్లాసులు అందించి, తను ట్యాంకు కడగడానికి అందులో దూరాడు. ఇక వాడికీ ఏమీ కనపడదు.

టీచరమ్మ కషాయం తాగినట్టు కళ్ళు మూసుకుని పుచ్చుకుంది. మాడిన పంచదార తగిలింది. వెనకే కాఫీ. ఆ వెనక, ఎవరో నిదానంగా తలుపు తీసుకుని వచ్చినట్టు, ఎండుద్రాక్ష. చివర్న గుండెల్లో చిన్న కుంపటి.

"ఎలా ఉంది అత్తయ్యా?" అంది కోడలు తల తిప్పకుండానే.

"కాఫీ ఉంది. ఎండుద్రాక్ష ఉంది. చేదు కాస్త ఎక్కువ. నూటికి ముప్పై ఎనిమిది."

"బంగారంలా ఉందే తల్లీ," అంది వదినగారు.

కోడలు పీపా నంబరు వేసి గోడ మీద సుద్దతో ఏదో గీసుకుంది. రెండో పీపా మరో రకం. పొగ వాసన, ఖర్జూరం, చేదు చాక్లెట్. టీచరమ్మ యాభై రెండు వేసింది. తర్వాత న్యాయంగా ఉండాలంటే మొదటిదాన్ని మళ్ళీ చూడాలి కదా అనిపించింది. పేపర్లు దిద్దేటప్పుడు కూడా అంతే, మొదటి కట్ట మళ్ళీ తిరగెయ్యాలి. రెండో పీపా మేకు తియ్యడానికి వచ్చిన కొడుకు, మాటిమాటికీ రావడానికి బద్ధకించి, రెండు పీపాల్లోంచీ చెరో చిన్న కూజా నింపి దగ్గర పెట్టేసి మళ్ళీ ట్యాంకులో దూరాడు. మళ్ళీ చూసింది. యాభై ఐదు. అదేమిటి, ఇందాక ముప్పై ఎనిమిది కదా. తేల్చుకోవడానికి ఇంకోసారి చూసింది. డెబ్భై.

"వదినగారూ, ఈ పెట్టె కాస్త ఊగుతోందేం?" అంది టీచరమ్మ గుసగుసగా.

"నాది కూడా ఊగుతోంది. ఒకే దిక్కుకి ఊగితే పడం లెండి."

ఈ మాట మీద ఇద్దరికీ నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు గానీ వచ్చినది పోదే. టీచరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వదినగారు చెప్పులు విడిచేసి, చల్లటి గచ్చు మీద అరికాళ్ళు ఆనించి, "హాయి" అంది. ఆవిడ విడిచిందని టీచరమ్మ కూడా విడిచింది. రెండో పీపాకి నూట నలభై మార్కులు వేసింది. నూటికి.

"నూటికి నూట నలభయ్యా అత్తయ్యా?" మెట్ల దగ్గర్నుంచి కోడలి గొంతులో అనుమానం.

"దస్తూరీకి కొన్ని కలిపా," అంది టీచరమ్మ గంభీరంగా.

వదినగారు కళ్ళనీళ్ళు తుడుచుకుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మీకో మాట చెప్పాలి. మూడేళ్ళుగా కడుపులో దాచుకున్నా. పెళ్ళిరోజు మీ జుట్టుకి రంగేసింది నేనేగా. అది నలుపు కాదు వదినగారూ. సీసా మారిపోయింది. ఎండలోకి రాగానే వంకాయ రంగు తేలింది. ఫొటోల నిండా మీరు వంకాయే."

"బాగుందన్నారుగా?"

"అనకేం చెయ్యను? ముహూర్తం పెట్టుకుని, మీరు అంత ముచ్చటగా అద్దంలో చూసుకుంటుంటే. నాకెవరి ముఖం మీదా బాగాలేదని అనడం చేతకాదు."

టీచరమ్మకు కోపం రావాలి. వెతుక్కుంది గానీ దొరకలేదు. మూడేళ్ళు ఆల్బంలో ఆ వెలుగు ఏమిటా అనుకుంటూనే ఉంది. వదినగారి భుజం మీద తల ఆనించి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఈ మనిషితో ఇన్నాళ్ళూ మాట్లాడకుండా ఎంత సుఖం పోగొట్టుకున్నానో అనిపించి, ఆ మాట పైకే అనేసింది.

ట్యాంకులోంచి కొడుకు బయటికొచ్చి మూడో పీపా మేకు తీశాడు. కోడలు ఇటు తిరిగింది. "అది జాగ్రత్తగా చూడండి. అది నా ప్రాణం. ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు, మొదట్నుంచీ నేనే కట్టుకున్న పాకం. ట్యాంకులో సగం అదే పొయ్యాలనుకుంటున్నా."

వదినగారు చప్పరించి, "అద్భుతమే బంగారూ," అంది.

టీచరమ్మ చప్పరించింది. ముందు తీపి తగిలింది. తర్వాత, వానలో నానబెట్టి మర్చిపోయిన అట్టపెట్టె. చివర్న పుల్లగా, వెనిగర్ సీసా మూత నాకినట్టు. ఆవిడ నవ్వు అక్కడే ఆగిపోయింది.

నాకెక్కిందా అనుకుంది. నీళ్ళు తాగింది, రొట్టెముక్క నమిలింది, మళ్ళీ చూసింది. అదే అట్టపెట్టె, అదే పులుపు. ఇప్పుడేం చెయ్యాలి? ఈ పెళ్ళి కుదిరిన రోజున, "పోయిపోయి పీపాలు కడిగే పిల్లనా?" అని కొడుకుతో అంటే, గుమ్మంలో నిలబడ్డ కోడలు విన్నది. విన్నదని ఇద్దరికీ తెలుసు. అప్పట్నుంచీ ఆ పిల్ల కుట్టిన కర్టెను జానెడు పొట్టి అన్నది తనే, కొన్న సోఫా దండగ అన్నది తనే. ఇప్పుడు కన్నతల్లి అద్భుతమన్నదాన్ని అత్తగారు చెడిందంటే ఎవరైనా ఏమనుకుంటారు? అక్కసు అనుకుంటారు. రేపు పుట్టే బిడ్డనెత్తుకోవడానికి వెళ్తే ఆ గుమ్మం తనకెంత దూరమవుతుందో. బాగుంది అని రెండు ముక్కలంటే సరి. కానీ వదినగారికి బాగాలేదనడం ఎంత చేతకాదో, తనకు ఊరికే బాగుందనడం అంత చేతకాదు.

"చెప్పండి అత్తయ్యా."

"చెడిపోయిందమ్మాయ్," అంది టీచరమ్మ. "తడిసిన అట్ట. చివర వెనిగర్. కలపకు."

కొడుకు అటూ ఇటూ చూసి, "అమ్మా, నీకు బాగా ఎక్కింది. ఇందాక నూటికి నూట నలభై వేసింది నువ్వేగా. అత్తయ్య బాగుందంటున్నారుగా," అన్నాడు ముక్కుతో.

"మీరుండండి," అంది కోడలు మొగుణ్ణి. పొట్ట పట్టుకుని, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని మెల్లిగా నడిచొచ్చింది. "పులుపు నాలుకకి ఎక్కడ తగిలింది? పక్కల్లోనా, వెనకా?"

"పక్కల్లో. దవడలు గుంజాయి."

"అయితే పులిసిందే," అంది కోడలు. సుద్దముక్కతో మూడో పీపా ముఖం మీద పెద్ద ఇంటూ గీసింది. అరచేత్తో పీపాని ఒకసారి నిమిరింది.

"నాకూ తెలిసిందే," అంది వదినగారు ఏడుపుగొంతుతో. "నోట్లో పెట్టుకోగానే తెలిసింది. నీ ప్రాణమన్నావు. ఎలా చెప్పనే?"

"తెలుసమ్మా. నువ్వు చెప్పలేవు."

టీచరమ్మ లేచి నిలబడబోయి, పెట్టె ఇంకా ఊగుతుండడంతో కూలబడి, మళ్ళీ లేచింది. చెప్పుల్లేకుండానే కోడలి దగ్గరికి పోయింది. తాగినదంతా కళ్ళలోంచి కారేట్టు ఉంది. "నేను అక్కసుతో అన్నాననుకోలేదా?"

"మూడేళ్ళుగా నేనేం చేసినా మా అమ్మ బంగారమంటోంది. మా ఆయన సూపరంటాడు. మీరొక్కరే నాకు ఒక్క మార్కు కూడా ఊరికే వెయ్యలేదు." కోడలు చున్నీతో ముక్కు తుడుచుకుంది. "ఇవాళ మీరు లేకపోతే నేను మునిగిపోయేదాన్ని అత్తయ్యా."

"మరి నామీద కోపమనుకున్నానే, ఇన్నాళ్ళూ."

"కోపమే," అంది కోడలు. "చాలా ఉంది. నమ్మకం వేరు."

టీచరమ్మకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి, ఏది ముందో తేల్చుకోలేక కోడల్ని గట్టిగా వాటేసుకుంది. వదినగారు వచ్చి ఇద్దర్నీ కలిపి వాటేసుకుంది. ముగ్గురూ కాస్త ఊగారు, ఒకే దిక్కుకి. కొడుకు బుద్ధిగా పైపు తెచ్చి, మూడో పీపా బిరడా ఊడపీకి, అందులో ఉన్నదంతా తూములోకి వదిలేశాడు.