ఒక్కరి బృందగానం

ఒక్క నిమిషం ఆగండి, పనులుంటే తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇది వినండి. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ కలిపి ఉన్న ఒకే ఒక్క ప్రభుత్వ హైస్కూల్లో నేను మ్యూజిక్ టీచర్ని. పెరిగిందంతా సిటీలో కాబట్టి వచ్చీ రాగానే ఊరుకోబుద్ధి కాలేదు, సాయంత్రం బెల్లు కొట్టాక బృందగానం క్లబ్ అని బోర్డు మీద రాసేసి, గదిలో కుర్చీలు అర్ధచంద్రాకారంగా వేసి, పాత కీబోర్డు దుమ్ము దులిపి కూర్చున్నాను.

వచ్చింది ఒక్కతే. పదో తరగతి పిల్ల. మనిషీ సన్నమే, గొంతూ సన్నమే, అందుకే స్కూలంతా పిచ్చుక అంటారు.

"బృందం ఎక్కడ మేడమ్?" అంది ఖాళీ కుర్చీలు చూసి.

"నువ్వే. కూర్చో."

"ఎక్కడ?"

"నీ ఇష్టం, ఇవాళ పెద్ద రష్ లేదుగా."

ఆ తర్వాత రోజూ వచ్చింది. కీబోర్డులో ఒక మీట పలకదు, ఆ స్వరం వచ్చినచోట తనే గొంతుతో పూరించేది. మిగతావాళ్ళు మొదటి ట్రిప్పు బస్సెక్కడమో, గ్రౌండ్‌లో బంతి ఆడుకోవడమో తప్ప తొంగి కూడా చూడలేదు. నాది రెండో ట్రిప్పు మేడమ్ అని పిచ్చుక చెప్పింది, ఆగేదేదో పాడుతూ ఆగుతోంది అనుకున్నాను. తను వెళ్ళాక కుర్చీలు సర్ది, తాళం వేసి, అద్దె గదికెళ్ళి ఒక్కదానికే వండుకుంటే, మర్నాడు బెల్లు కొట్టేదాకా నాకు నోరు విప్పే పనే ఉండదు.

నిన్న బస్సు డ్రైవర్ టైరు తన్ని చూస్తూ కనిపించాడు. పిల్లలందరికీ బాబాయ్, నాకూ బాబాయే.

"బాబాయ్, పిచ్చుకని మొదటి ట్రిప్పులో ఎక్కించుకోవడం కుదరదా? చీకటి పడిపోతోంది."

అతను వింతగా చూశాడు. "మొదటి ట్రిప్పు వాళ్ళ గేటు ముందు నుంచేగా తల్లీ వెళ్ళేది. సీటూ ఖాళీయే. ఎక్కవే అంటే ఎక్కదు. దాని ఒక్కదాని కోసం రెండోసారి చుట్టు తిరిగి పోతున్నా."

"ఎందుకని?"

"మేడమ్ ఒక్కరే అయిపోతారు బాబాయ్ అంటుంది. అక్కడ వాళ్ళమ్మేమో దూడలకి మేత వేస్తూ రోడ్డు వైపే చూస్తుంటుంది. ఇది దిగేదాకా ఆవిడ లోపలికి పోదు." నవ్వేశాడు. "ఇంతకీ ఎవరు ఎవరికి క్లాసు చెబుతున్నట్టు?"

నాకు నవ్వు రాలేదు. గదికెళ్ళి గిన్నె పొయ్యి మీద పెట్టి, పొయ్యి వెలిగించడం మర్చిపోయాను. క్లబ్ మూసేస్తున్నాను, నువ్వు మొదటి బస్సెక్కు అని చెప్పేయాలనుకున్నాను.

ఇవాళ బెల్లు కొట్టగానే వచ్చేసింది. నేను నోరు తెరిచేలోపే, "మేడమ్, నిన్న ఇంటిదగ్గర రెండో చరణం పాడాను. అమ్మ గేటు దగ్గరే నిలబడిపోయింది" అంటూ కుర్చీ లాక్కుంది.

"లేటయిందని తిట్టలేదా?"

"తిట్టింది. తిట్టి, మళ్ళీ పాడమంది."

బయట బస్సు ఇంజన్ మొదలైంది. బాబాయ్ హారన్ కొట్టాడు, రోజూ కన్నా ఎక్కువసేపు. పిచ్చుక కిటికీ వైపు చూడలేదు, నా వేళ్ళ వైపే చూస్తోంది. నా మీద జాలితో కూర్చుందో, పాట మీద ఇష్టంతో కూర్చుందో మొహం చూస్తే తెలియట్లేదు, అడిగినా నిజం చెప్పదు. బస్సింకా కదల్లేదు, ఇప్పుడు చెబితే అందుకుంటుంది. మీరైతే చెబుతారా, మొదటి స్వరం నొక్కుతారా?