షావుకారి ఇంటి గోడ

సిమెంటు షావుకారి ఇంట్లో ముందుగది గోడ ఎప్పుడూ చెమ్మగా ఉండేది. తాతలనాటి ఇటుక గోడ అది. దానికి ఆయనే దగ్గరుండి తన కొట్టులోని మేలురకం సిమెంటు పూయించాడు. లోపలి తేమ బయటికి పోయే దారిలేక పూత పెచ్చులుగా ఊడసాగింది. ఊడినచోటల్లా ఆయన మళ్లీ సిమెంటే మెత్తించేవాడు.

చివరికి భార్య తన తమ్ముణ్ణి పిలిపించింది. అతను పాత కట్టడాలు బాగుచేసే సున్నపు మేస్త్రీ. చేతికంటే నోరు ముందు నడుస్తుంది.

"గోడకీ ఊపిరాడాలి బావా. నువ్వు దాని ముక్కూ నోరూ మూసేశావు," అన్నాడు గోడమీద అరచెయ్యి ఆనించి.

"పాఠాలు తర్వాత చెబుదువుగాని. ఎవరైనా అడిగితే మాత్రం సిమెంటు పనే అను. లేకపోతే నా పరువు పోతుంది."

పని తలుపులు మూసుకుని సాగింది. సున్నం నానబెట్టిన తొట్టిమీద ఖాళీ సిమెంటు సంచులు కప్పారు. మేస్త్రీ పాత పూతంతా చెక్కేశాడు. సున్నం, ఇసుక, ఇటుకపొడి కలిపి మెత్తి, తాపీతో నున్నగా రుద్దాడు. వానాకాలం వచ్చి వెళ్లినా గోడకు చెమ్మ తగల్లేదు.

ఎదురింటి టీచరమ్మదీ పాత ఇల్లే. ఆ గోడ చూసి ముచ్చటపడి, "ఏ సిమెంటు అన్నయ్యగారూ?" అని అడిగింది. షావుకారు కక్కలేక మింగలేక తన కొట్టులో ఉన్నదాని పేరే చెప్పాడు. ఆవిడ సంచులు దింపించుకుని ఇల్లంతా పూయించింది.

మరుసటి వానలకు ఆవిడ గోడలు ఉబ్బాయి. నేరుగా వచ్చి, "మీ గోడ నవ్వుతోంది, మాది ఏడుస్తోందేం?" అని నిలదీసింది. షావుకారు ఇసుకలో లోపమన్నాడు, నీళ్లలో లోపమన్నాడు. ఇంతలో భార్య వంటింట్లోంచి వచ్చింది.

"మాది సున్నం వదినా. మా తమ్ముడు వేశాడు. చెప్పుకోడానికి ఈయనకి నామోషీ."

షావుకారు చెప్పులు వేసుకుని కొట్టుకి బయల్దేరాడు.

టీచరమ్మ మేస్త్రీని పిలిచింది. అతను ఒప్పుకున్నాడు గాని, "సిమెంటు మాత్రం మా బావే చెక్కాలి," అని మెలిక పెట్టాడు. అక్క సరేనంది. దానిమీద ఇక అప్పీలు లేదు.

మర్నాడు పొద్దున్నే షావుకారు ఉలీ సుత్తీ పట్టుకుని టీచరమ్మ పడకగదిలో దిగాడు. ఉబ్బినచోట పూత తేలిగ్గానే రాలింది. కిటికీ పక్కన మాత్రం ఎంత కొట్టినా పిసరంత కదల్లేదు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆయన ఆగి, నుదురు తుడుచుకుని వెనక్కి తిరిగాడు.

"చూశావా చెల్లెమ్మా, సరుకులో లోపం లేదు," అన్నాడు గర్వం దాచుకోలేక.

టీచరమ్మ పక్కగది తలుపు తీసి, ఇంకా చెక్కాల్సిన అక్కడి నాలుగు గోడలూ చూపించింది.