అడ్డంకి గడి

మా సంస్థలో ముప్పై దాటినవాళ్లు ఒక్కరూ లేరు. అదే మా గొప్పని గోడ మీద రంగులతో రాసుకున్నాం. ప్రెసిడెంటుకి ఇరవై మూడు, నాకు ఇరవై ఒకటి. శనివారాలు టైలర్ల వీధి ఆడపిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని. అంతవరకూ నా మొహం అద్దంలో చూసుకోవడానికి నాకేం ఇబ్బంది లేదు.

ఆ ఏడు మాకు ఒకే ఒక్క కాలేజీ సీటు వచ్చింది. హాస్టలు, పుస్తకాలు, నాలుగేళ్ల చదువు, అన్నీ ఉచితం. సీటిచ్చే పెద్దల ముందు పిల్లలు నిలబడి తమ కథ చెప్పుకోవాలి. మా దరఖాస్తులో ‘నా అడ్డంకి’ అని ఒక గడి ఉండేది. అది ఖాళీగా వదిలేస్తే కంప్యూటరు దరఖాస్తు తీసుకోదు.

నా దగ్గర చదివేవాళ్లలో చురుకైనది టైలరు గారి రెండో అమ్మాయి. నేను లెక్క బోర్డు మీద రాయడం పూర్తికాకముందే జవాబు చెప్పేసేది. ఆ గడిలో ‘బస్సు సరిగ్గా రాదు’ అని రాసింది పిచ్చిపిల్ల.

ప్రెసిడెంటు అది చదివి పకపకా నవ్వాడు. “బస్సు రాలేదంటే ఎవరికి కన్నీళ్లొస్తాయి? ఇంట్లో అడ్డం పడేవాళ్లే లేరా? పోనీ, నాన్న?”

“వాళ్ల నాన్న బంగారం. పిల్ల పాఠం పైకి చదువుతుంటే, చప్పుడవుతుందని మిషను ఆపేసి గుండీలు కుట్టుకుంటారు.”

“బంగారానికి సీటివ్వరు” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. మండి ఏం ఒరగబెట్టాను? ఆ గడిలో బస్సు తీసేసి ‘నాన్న’ అని నా చేత్తోనే టైపు కొట్టాను. నాన్న పుస్తకాలు తగలబెట్టాడన్నది ప్రెసిడెంటు ఆలోచన. కిరోసిన్ వాసన మాత్రం నా సొంత కవిత్వం.

“నేను చెప్పనక్కా” అని ఆ పిల్ల మొండికేసింది.

“మీ నాన్నకి తెలీదులే, ఇంట్లోవాళ్లనెవర్నీ పిలవట్లేదు. ఐదు నిమిషాల మాటకి నాలుగేళ్ల చదువే!” అని బుజ్జగించాను. లెక్కల టీచర్ని కదా, లెక్క బాగానే కట్టాను.

ఆ రోజు హాలు నిండిపోయింది. ఆ పిల్ల స్టేజీ ఎక్కి, నేల చూపులు చూస్తూ, నేను నేర్పింది నేర్పినట్టు అప్పజెప్పింది. కిరోసిన్ దగ్గరికొచ్చేసరికి ముందు వరుసలో ఒకావిడ కళ్లద్దాలు తీసి కళ్లు ఒత్తుకుంది. పాచిక పారిందని నాకు సంతోషం వేసింది.

అప్పుడు ప్రెసిడెంటు మైకు అందుకున్నాడు. “కథ ఇంకా అయిపోలేదు! ఆ నాన్న మారాడు! ఆయన ఇక్కడే ఉన్నారు!”

మాకెవరికీ చెప్పకుండా కారు పంపి పిలిపించాడు, మహానుభావుడు. చివరి వరుసలోంచి టైలరు గారు లేచారు. మొదట్నుంచీ అక్కడే కూర్చున్నారు. అంతా విన్నారు. ఎవరో రెక్క పట్టుకుని స్టేజీ ఎక్కించారు.

“నాన్నా, అది...” అంటూ ఆ పిల్ల నోరు తెరిచింది. ప్రెసిడెంటు మధ్యలో దూరి, ఆయన భుజం మీద చెయ్యేసి పళ్లికిలించాడు. “చెప్పండి బాబాయ్ గారూ. కూతురి పుస్తకాలు తగలబెట్టినందుకు ఇప్పుడు బాధగా ఉందా?”

ఆయన కూతురి వైపు చూశారు. ముందు వరుసలో కాగితాల మీద మార్కులు వేస్తున్న పెద్దల్ని చూశారు. తర్వాత నన్ను చూశారు. నేను లేచి “అబద్ధం, రాసింది నేనే” అని అరవాల్సింది. అరిస్తే పిల్ల సీటు పోతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పోయేది నా పరువని నాకు తెలుసు. తల దించుకున్నాను.

“అవునండీ” అన్నారు టైలరు గారు. “నేనే తగలబెట్టాను. బుద్ధి లేక.”

హాలంతా చప్పట్లు. ఆ పిల్ల కాదు కాదని తల అడ్డంగా ఊపుతూ వెక్కివెక్కి ఏడుస్తుంటే, ఆనందబాష్పాలని ఇంకా గట్టిగా కొట్టారు. ఒక్కొక్కళ్ల మొహం మీద ఉమ్మేయాలనిపించింది, ముందు నా మొహం మీద.

ఇంతలో వీడియో తీసేవాడు చెయ్యి ఊపాడు. ప్రెసిడెంటు చప్పట్లు ఆపించాడు. “ఆగండాగండి, మాట రికార్డు కాలేదట. బాబాయ్ గారూ, మళ్లీ ఒక్కసారి. కొంచెం గట్టిగా.”

టైలరు గారు గొంతు సవరించుకుని, మైకు దగ్గరికి జరిగి, మళ్లీ చెప్పారు. ఈసారి, ఎవరూ అడక్కుండానే, పిల్లకి రెండు రోజులు అన్నం కూడా పెట్టలేదని తనే కలిపి చెప్పారు.