ఇప్పనూనె పోసిన వాచీ

భోపాలపట్నం బజారులో జ్ఞానప్రసూన పొద్దున్నే దుకాణం తెరిచి, గుమ్మం ముందు నీళ్లు చల్లి, బల్ల మీద తెల్లగుడ్డ పరుస్తుంది. పట్టకార్లు, సన్న స్క్రూడ్రైవర్లు, కంటికి తగిలించుకునే అద్దం వరుసగా పెట్టుకుంటుంది. గొడుగు మాత్రం బల్ల కింద, చేతికందేలా ఉండాలి. పాత కీ వాచీ వెనక మూత తీస్తే, అది ఆగిపోయిన పూట బయటికొస్తుంది కదా. వానలో ఆగినదైతే బల్లంతా తడుస్తుంది. పెళ్లిలో ఆగినదైతే పక్క కిరాణా కొట్టువాళ్లు సన్నాయి విని, "ఎవరిదమ్మా పెళ్లి?" అని అడుగుతారు. ఏ వాచీలోంచైనా ఆ పూట ఒక్కసారే వస్తుంది. ఆ తరవాత అది ఉత్త వాచీ. కడిగి, నూనె వేసి నడిపించుకోవచ్చు.

ఈ పని ఆమెకు మామగారు రామారావు నేర్పారు. "తెరిచే ముందు అడగాలమ్మా," అనేవారాయన. "వాచీయే మనది కాదు. అందులో పూట అసలే మనది కాదు."

ఎండలు ముదిరిన రోజుల్లో, ఒక వారపు అంగడి రోజు మధ్యాహ్నం, బాసగూడ దగ్గరి పల్లె నుంచి మాసే వచ్చింది. నలభై దాటిన మనిషి. వెనకే ఆమె మేనమామ కొడుకు హుంగా. అతనిది దారిలోనే ఉన్న ఆవపల్లి. మాసే కొంగుముడి విప్పి వాచీ తీసింది.

"మా ఇంటాయనది అక్కా. ఇల్లు విప్పుతుంటే అటక మీద ఆనపబుర్రల దొరికింది, విత్తనాల నడుమ."

ఇంటాయన పేరు కేసా. ఎన్నో ఏళ్ల కిందట మిరపకాయ కోతలకని గోదావరి దాటిపోయాడు. జట్టంతా తిరిగొచ్చింది, అతను రాలేదు. పోయాడని చెప్పినవాళ్లు లేరు, ఉన్నాడని చెప్పినవాళ్లూ లేరు. మనిషి పోతే వాళ్ల తెగలో రాయి నిలబెట్టి, అతని వస్తువులు ఆ రాయి దగ్గర ఉంచుతారు. ఆపైన ఆడమనిషి ఇంకో ఇంటికి పోతే ఎవరూ తప్పుపట్టరు. మాసేకు రాయీ లేదు, మనిషీ లేడు. భార్య పోయిన హుంగా తన ఇంటికి రమ్మని అడిగి రెండు పంటలు దాటాయి. ఆమె ఔననలేదు, కాదనలేదు.

"వస్తడో రాడో, ఇందుల చెప్పే ఉంటడు," అంది మాసే.

"చెప్పకుంటే?" అన్నాడు హుంగా గుమ్మం దగ్గర్నుంచి.

"నువ్వు నోరు మూస్కో బావా. నిన్ను తోడుకు తెచ్చుకున్న, మాటలకు కాదు."

"జీపు కిరాయి నేనే ఇచ్చిన. రెండు మాటలన్న మాట్లాడనీయవా?"

జ్ఞానప్రసూన నవ్వు ఆపుకుంది. "ఒక్కసారే వస్తది చెల్లె. మళ్లీ కావాలంటే రాదు. తెరవనా?"

మాసే వాచీని వెనక్కి తీసుకుని చెవికి ఆనించుకుంది. లోపల ఏ చప్పుడూ లేదు. అయినా చాలాసేపు అలాగే ఉంది.

"తెరువక్కా."

మూత తీయగానే ఆ ఎండపూట దుకాణంలోకి చలి వచ్చింది. వెంట పొగమంచు, నెగడు పొగ, ఎక్కడో కోడికూత. మాసే కొంగు భుజాల చుట్టూ లాక్కుంది.

"మళ్లా ఆగింది, దీన్ని తగలెయ్య," అంది కుర్ర మగగొంతు.

"ఏం పోసినవ్ దాంట్ల?" అని ఒక ఆడగొంతు.

"ఇప్పనూనె."

"ఇప్పనూనెనా! ఏంది, గడియారంల కూర వండుతున్నవా?"

ఆ తరవాత నవ్వు. ఊపిరందక ఆగి, మళ్లీ మొదలై, పడీపడీ నవ్వే నవ్వు. చివరికి మగగొంతు కూడా నవ్వింది. మెల్లగా చలి సన్నగిల్లింది. బయటి ఎండ తిరిగొచ్చింది. అంతే.

ఇప్పనూనె ఎండాకాలం పలచగా ఉంటుంది, చలికి నెయ్యిలా పేరుకుంటుంది. ఆ పళ్లచక్రాల మధ్య పేరుకుంటే వాచీ ఎలా తిరుగుతుంది? దీపానికి, ఒంటికి, కూరకు అదే నూనె కాబట్టి కేసా వాచీకీ అదే పోశాడు. ఆ చలికాలం విసుగొచ్చి ఆనపబుర్రలో పడేశాడు. మిరప కోతలకు పోయినప్పుడు అది అతని చేతికే లేదు.

"ఏమీ చెప్పలే," అంది మాసే.

హుంగా లోపలికి వచ్చాడు. "నవ్విందెవరు?"

"నేనే."

"నిన్ను కేసాకు ఇయ్యకముందు మా పెరట్ల గిట్లనే నవ్వేదానివి. మా అయ్య తిట్టేటోడు."

"తిట్టుడా? కర్ర తీసేటోడు!" అంటూ మాసే నవ్వేసింది. నవ్వు కాస్త బొంగురుపోయింది, తొందరగా ఊపిరి అయిపోయింది. కానీ అదే నవ్వు.

జ్ఞానప్రసూన చక్రాలన్నీ పెట్రోలులో కడిగి, సూదిమొనతో చుక్క చుక్కగా వాచీ నూనె అద్ది, కీ ఇచ్చి ఆమె చేతిలో పెట్టింది. మాసే దాని టిక్‌టిక్ విని తిరిగి బల్ల మీద పెట్టేసింది.

"నీ కాడనే ఉంచక్కా. రోజూ కీ ఇయ్యి. ఆయన వస్తే, అడిగితే, ఇచ్చెయ్యి."

"నీ గురించి అడిగితే?"

"రాయి పెట్టలేదని చెప్పు. ఎదురు కూడా చూస్తలేదని చెప్పు. ఇగ ఎదురుచూసుడు ఈ వాచీ పనే."

బీజాపూర్‌లో దిగి బాసగూడ పోయే జీపు ఎక్కారు. ఎక్కడ దిగుతారని డ్రైవరు హిందీలో అడిగాడు.

"ఏక్ సవారీ ఆవపల్లి," అన్నాడు హుంగా, ఎప్పటిలాగే తన ఒక్కడి కోసం.

"ఏక్ కాదు," అంది మాసే, సంచి ఒళ్లోకి లాక్కుని అతని పక్కన సర్దుకుంటూ. "దో."