ఎవరికీ అర్థం కాని పుస్తకం

స్కూటరు మీంచి పడి తలకు దెబ్బ తగిలాక, మా అమ్మాయిని రోజూ కాసేపు పైకి చదవమని డాక్టరు చెప్పాడు. దాని ఉద్యోగం ఆసుపత్రి మందుల కౌంటర్లో. చదవడం కుదుటపడితేనే మళ్లీ డ్యూటీ.

అది ఏరికోరి ఒక లావుపాటి నవల తీసుకుంది. అందులో వాక్యం మొదలవుతుంది గానీ ముగియదు. చుక్క ఉండదు, కామా ఉండదు, మాట్లాడేది ఎవరో తెలీదు. పెద్ద చదువులవాళ్లే మధ్యలో మూసేస్తారట. రోజూ పొద్దున టీ తాగాక ఒక పేజీ. అల్లుడు చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ వినేవాడు.

"నేను పది పేజీలు దాటలేదత్తయ్యా. మీ అమ్మాయి గడగడా చదివేస్తోంది. మీరేమో మంచం పట్టేస్తుందని ఒకటే ఏడుపు."

ఏడ్చిన మాట నిజమే. ఎవరైనా దగ్గితే నాకు ఆసుపత్రి కనిపిస్తుంది. ఫోను ఎత్తకపోతే శవం కనిపిస్తుంది. మా ఇంట్లో నా భయానికి విలువ పోయి చాలాకాలమైంది.

అల్లుడి మాట నమ్మి డాక్టరు, సోమవారం నుంచి డ్యూటీకి వెళ్లొచ్చని రాసిచ్చాడు.

ఆదివారం పొద్దున అది చదువుతుంటే వెనక నిలబడి తల దువ్వుతున్నాను. కుట్లు పడ్డచోట జుట్టు ఇంకా పొట్టిగానే ఉంది. నేను చదివింది ఏడో తరగతి. అర్థం కాకపోయినా అక్షరాలు తెలుసు. దాని నోట్లోంచి వస్తున్న మాటల కోసం పేజీలో వెతికాను. ఒక్కటీ లేదు. పేజీలో మెట్లు, గొడుగు, ఎవరో ముసలాయన ఉన్నారు. అది సముద్రం గురించి చదువుతోంది.

నా చెయ్యి ఆగిపోయింది.

"దువ్వమ్మా," అంది.

"ఇందులో సముద్రం ఏదే?"

అల్లుడు స్నానంలో ఉన్నాడని చూసుకుని గొంతు తగ్గించింది. "అక్షరాలు కనిపిస్తున్నాయి. ఒకదానికొకటి అతకట్లేదు. మామూలు కథల పుస్తకమైతే మొదటిరోజే దొరికిపోయేదాన్ని."

"మరి మందులెలా ఇస్తావే?"

"డబ్బాల రంగులు నాకు కంఠతా. కొన్నాళ్లకు అదే సర్దుకుంటుంది. నువ్వు నోరు మూసుకుంటే చాలు."

"కంపెనీవాడు రంగు మారిస్తే?"

"మొదలెట్టావా."

అల్లుడికి చెప్పాను. తువ్వాలు ఆరేస్తూ నవ్వాడు. "ఆ పుస్తకమే అంతత్తయ్యా, మీకెలా తెలుస్తుంది? ఇదీ మొన్న మీరు హడలగొట్టిన లేని గ్యాస్ లీకు లాంటిదేనా?"

సోమవారం దానికంటే ముందే ఆసుపత్రికి వెళ్లాను. మందుల సెక్షన్ చూసే పెద్దావిడకి సంగతి చెప్పాను. ఆవిడ నన్ను కూర్చోమని కూడా అనలేదు. అమ్మాయి రాగానే ఎవరిదో మందుల చీటీ చేతికిచ్చి చదవమంది. అది చీటీ వంక చూడలేదు, నా వంక చూసింది. అంతే.

ఉద్యోగం పోయింది. ఎవరి బిడ్డకో తప్పు మందు పడటం తప్పింది, కానీ ఆ సంగతి ఆ తల్లికి ఎప్పటికీ తెలీదు. జరగని చావుకు నన్నెవరు మెచ్చుకుంటారు?

మర్నాడు టీ తాగాక అమ్మాయి ఆ పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"నీకు బాగా వచ్చుగా. చదువు."

గోడవైపు తిరిగి కూర్చుంది. అదే నాతో చివరిగా అన్న మాట.

అప్పట్నుంచి నేనే చదువుతున్నాను, కూడబలుక్కుంటూ, ఒక్క అక్షరం పోకుండా. ఏమీ తలకెక్కదు. అల్లుడు ఇస్త్రీ లోపలి గదిలోకి మార్చుకున్నాడు. నిన్న కావాలనే సగం పేజీ వదిలేసి, నోటికొచ్చిందేదో కలిపి చదివాను. ఇదేం చదువమ్మా అని కసురుతుందేమోనని ఆగి చూశాను. అది కదల్లేదు. మళ్లీ పేజీ మొదటికి వెళ్లి, ఉన్నది ఉన్నట్టు చదివాను.