తాళ్ళదిబ్బ రేవులో ఆగిన తెప్ప

అమ్మ నిజంగా పూనితే తలుపులమ్మకి ఏమీ గుర్తుండదు. ముందు వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. తరవాత డప్పు చప్పుడు ఏటి అవతల ఎక్కడో మోగుతున్నట్టు దూరమైపోతుంది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి ఎవరో ఆమె తల ఒళ్ళో పెట్టుకుని మజ్జిగ పోస్తుంటారు. తన నోట ఏం వచ్చిందో జనం చెబితే తెలియాలి. మొగలిపేట పల్లెకారులకి ఆమె గణాచారి, అమ్మ ఆమె నోటే పలుకుతుంది. కాపరానికి వచ్చిన కొత్తలో మొదటిసారి పూనింది. ఇప్పుడు జుట్టు నెరిసింది, పళ్ళు ఊడాయి.

తెప్ప వదిలిన రోజు మాత్రం ఆమెకి అంతా గుర్తుంది. కులపెద్ద పల్లంరాజు భుజాన తువ్వాలు లేదు. డప్పు వాయించేవాడు మధ్యలో ఆగి చెయ్యి విదిలించుకున్నాడు. రేవులో కుక్క ఒకటి చేపతల ఈడ్చుకుపోయింది. తనేమన్నదీ గుర్తుంది, ఎందుకన్నదీ గుర్తుంది.

రాజమంద్రి దగ్గర గోదావరి మీద రైలు నడవడం మొదలైన ఏడాది అది. మరిడి జబ్బు ఎలా వచ్చిందో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. రైలెక్కి వచ్చిందన్నారు. యాత్రలు చేసొచ్చినవాళ్ళు తెచ్చారన్నారు. కాకినాడ ఓడల్లోంచి దిగిందన్నారు. సాయంత్రం వల బాగుచేసుకుంటూ కూర్చున్నవాడికి చీకటి పడ్డాక వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తెల్లారేసరికి మనిషి లేడు. సంత ఆపేశారు. చేపలు తింటే మరిడి అంటుతుందని ఎవరో అన్నారట, తలుపులమ్మ గంప ఎత్తుకుని ఏ వీధిలోకి వెళ్ళినా తలుపులు వేసేసుకున్నారు. తాసీల్దారు కచేరీ నుంచి ఒకాయన వచ్చి బావిలో ఎర్రమందు పోశాడు. కాచిన నీళ్ళే తాగాలని, పక్క ఊళ్ళకి పోవద్దని చెప్పి, తను మాత్రం పడవెక్కి పక్క ఊరికే పోయాడు. ఎర్రగా ఉన్న ఆ నీళ్ళు చూసి బావి వంక ఎవరూ పోలేదు. ఏటి నీళ్ళే తాగారు.

అప్పుడు పల్లంరాజు మరిడమ్మని సాగనంపాలన్నాడు. అది ఆ పేటలో తాతలనాటి నుంచీ ఉన్నదే. అరటిబోదెలతో తెప్ప కట్టి, దానిమీద అమ్మవారి ఘటం, చీర, గాజులు, పసుపూ కుంకుమా పెట్టి, ఏరు సముద్రం వైపు లాగుతున్న వేళ చూసి వదులుతారు. తెప్పతోపాటే మరిడీ వెళ్ళిపోతుంది. ఏ రేవులో ఆగితే ఆ రేవువాళ్ళు పూజ చేసి ముందుకి తోసుకోవాలి.

మొగలిపేట దగ్గర నీళ్ళకి రెండు దారులు. ఒకటి కాలవ, అది పెదగట్టు మీదుగా పోతుంది. రెండోది గోదావరి పాయ. అది తాళ్ళదిబ్బ దాటి సముద్రంలో కలుస్తుంది. ఏ దారిన వెళ్తానో అమ్మే చెప్పాలి.

పెదగట్టులో తలుపులమ్మ ఒక్కగానొక్క కూతురు ఉంది, పేరు చిన్నమ్మాయి. నిండు నెలలు. పురిటికి పుట్టింటికి తీసుకురావలసిన పిల్ల. మరిడి భయంతో అక్కడే ఉంచేశారు.

డప్పు మోగింది. చేతికి వేపమండలిచ్చారు. ఎంతసేపటికీ వేళ్ళు తిమ్మిరెక్కలేదు. అమ్మ పలకకపోతే కాలవలోకే వదిలేద్దామని పల్లంరాజు పొద్దున్నే అన్న మాట ఆమె విన్నది. తలుపులమ్మ జడ విప్పుకుంది. ఊగింది. "పాయలో పోతానర్రా, పాయలో!" అని అరిచింది.

పేటంతా చేతులు జోడించింది.

ఆ తరవాత మొగలిపేటలో చావు లేదు. జనం మళ్ళీ వలలు దులిపారు. ఎవరి పడవ ఒడ్డుకొచ్చినా మొదటి చేప తలుపులమ్మ గుమ్మంలో పెట్టి వెళ్ళేవారు. పక్కింటి సుబ్బాయమ్మ అయితే ఎదురుపడితే చాలు, కాళ్ళకి దణ్ణం పెట్టి నవ్వేది.

"నువ్వు పలికాక మరిడే కాదొదినా, మా ఆయన గురక కూడా ఆగిపోయింది. అమ్మకి చెప్పి ఆయన తాగుడు కూడా పాయలో పంపించెయ్యకూడదూ?"

తలుపులమ్మ నవ్వేది కాదు. గణాచారి కదా, ఇంకా అమ్మ దిగలేదేమోననుకునేవారు.

పెదగట్టు నుంచి కబురొచ్చింది. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. సుబ్బాయమ్మ బెల్లం పంచింది. తలుపులమ్మ తన ముక్క నోట్లో వేసుకుంది. ఇంటి వెనక్కి వెళ్ళి ఉమ్మేసింది. ఎందుకంటే అంతకుముందే ఇంకో కబురు వచ్చింది. తెప్ప తాళ్ళదిబ్బ రేవులో ఆగింది. అక్కడ మరిడి మొదలైంది.

తాళ్ళదిబ్బ అంటే ఆమెకి వీరమ్మ ఊరు. సంతలో ఇద్దరివీ పక్కపక్క గంపలు. వరసకి ఏమీ కాకపోయినా వీరమ్మ ఆమెని అత్తా అనే పిలిచేది. ఒకరి ఎండుచేపలు అమ్ముడుకాకపోతే రెండోవాళ్ళు కొనేవాళ్ళతో దెబ్బలాడి అమ్మిపెట్టేవారు. వీరమ్మ మొగుడు అమ్మిరాజు సాయంత్రం పడవ తెచ్చి ఇద్దరినీ ఎక్కించుకునేవాడు. తలుపులమ్మని మొగలిపేటలో దింపాకనే తమ ఊరు వెళ్ళేవాడు.

ఆమె ఏ పని చేస్తున్నా తాళ్ళదిబ్బే కళ్ళముందు ఆడేది. పొయ్యి రాజేస్తే, అక్కడ ఎవరింట్లో పొయ్యి రాజుతోందో అనిపించేది. ఒక్కోసారి, అమ్మే తన చేత అలా అనిపించిందేమో అని సర్దుకోబోయేది. అంతలో చేపతల ఈడ్చుకుపోయిన కుక్క గుర్తొచ్చేది. అమ్మ పూనినవాళ్ళకి కుక్కలు గుర్తుండవు.

ఒక పొద్దున పోటుకి ఏరు వెనక్కి ఎక్కుతుండగా తాళ్ళదిబ్బ పడవ వచ్చింది. పల్లంరాజు, నలుగురు మగాళ్ళు గెడలు పట్టుకుని రేవులో నిలబడ్డారు.

"దిగొద్దు. చెప్పేదేదో అక్కణ్ణుంచే చెప్పండి," అన్నాడు పల్లంరాజు.

పడవలో అమ్మిరాజు తమ్ముడు బంగార్రాజు లేచి నిలబడ్డాడు. "మీ తెప్ప మా రేవుకొచ్చినప్పుడు మేం ఈ మాటనలేదండి. కొబ్బరికాయ కొట్టాం."

పల్లంరాజు తల దించుకున్నాడు కానీ గెడ దించలేదు.

పడవ అడుగున వీరమ్మ కూర్చుని ఉంది. చేతులకి గాజులు లేవు. తలుపులమ్మ అది చూసింది. అమ్మిరాజు సంగతి ఇంకెవర్నీ అడగక్కర్లేకపోయింది.

"తెప్పని సముద్రంలోకి తోశామండి," అన్నాడు బంగార్రాజు. "పోటుతో తిరిగొచ్చి మా రేవులోనే ఆగింది. మళ్ళీ తోశాం. మళ్ళీ వచ్చింది. ఎటు పోవాలో తనే చెప్పకుండా అమ్మ కదలదంటున్నారు మావాళ్ళు. దారి చెప్పిన నోటితోనే ఇప్పుడు ఎటు పంపాలో చెప్పించండి. పెదగట్టు కాలవలోకి లాగి వదలమంటారా?"

పసుపునీళ్ళు తెచ్చారు. డప్పు వచ్చింది. తలుపులమ్మ రేవులో కూర్చుంది. పల్లంరాజు ఆమె పక్కకి వంగి, "మళ్ళీ సముద్రంలోకే అని చెప్పొదినా. కాలవ మాట ఎత్తకు. ఆవేళ నాకు తోచలేదు గానీ, మన పిల్ల ఉందక్కడ," అన్నాడు చిన్నగా.

ఆమె నిజంగానే అమ్మని పిలిచింది. ఈ ఒక్కసారి వచ్చి నువ్వే చెప్పు, నన్ను తప్పించు అని పిలిచింది. వేళ్ళు తిమ్మిరెక్కలేదు. డప్పు చెవి పక్కనే మోగుతోంది. కాలవ అంటే చిన్నమ్మాయి, కళ్ళు కూడా సరిగా తెరవని పసిగుడ్డు. సముద్రం అంటే మళ్ళీ తాళ్ళదిబ్బే.

తలుపులమ్మ లేచింది.

"అమ్మ పలకలేదు. ఆవేళా పలకలేదు. పెదగట్టులో నా కూతురుందని పాయ అన్నాను. నేనే అన్నాను."

ఒక్క క్షణం డప్పు ఆగింది. తరవాత ఇంకా గట్టిగా మోగింది. సుబ్బాయమ్మ పరుగున వచ్చి బిందెడు నీళ్ళు ఆమె కాళ్ళమీద పోసింది. "శాంతించు తల్లీ! మా తప్పులు కాయి తల్లీ!" జనం లెంపలు వేసుకున్నారు. పడవలో బంగార్రాజు కూడా చేతులు జోడించాడు.

"అమ్మ కోపంగా ఉంది," అన్నాడు పల్లంరాజు, అందరికీ వినపడేలా.

"డప్పు ఆపండి," అంది వీరమ్మ.

ఆమె పడవలో లేచి నిలబడింది. "అది అమ్మ గొంతు కాదు. సంతలో నా పక్కన కూర్చుని బేరమాడే గొంతు అది. నాకు తెలీదా?"

డప్పు ఆగింది.

"ఏం అత్తా," అంది వీరమ్మ. "నీ కూతురి కోసం మా ఇంటికి పంపావన్నమాట."

"పంపాను."

"మరి ఇప్పుడేం చెయ్యమంటావు దాన్ని?"

"ఎక్కడికీ పంపొద్దు. ఒడ్డుకి లాగి విప్పెయ్యండి. ఘటాన్ని ఇసకలో పాతెయ్యండి. అమ్మకి కోపమొస్తే నా మీద రానీ." ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపింది. "నేనూ వస్తాను."

"వచ్చి?"

"గంజి కాస్తాను. మంచాన పడ్డవాళ్ళకి పోస్తాను."

"మా ఇంట్లో తాగేవాడు లేడు."

తలుపులమ్మ రేవు అంచుకి నడిచింది. నీళ్ళలోకి దిగింది.

"ఒదినా, పడవెక్కితే మళ్ళీ ఈ రేవులో దిగనివ్వం," అని అరిచాడు పల్లంరాజు. "నువ్వని కూడా చూడం. చెబుతున్నాను."

మొలలోతు నీళ్ళలో ఆమె పడవ అంచు పట్టుకుంది. బంగార్రాజు వదిన వంక చూశాడు. వీరమ్మ ఔననలేదు, కాదనలేదు. అతను చెయ్యి అందించి ముసలమ్మని పైకి లాగాడు.

పోటు ఎదురుగా ఉంది, గెడ బరువుగా పడుతోంది. తాళ్ళదిబ్బ పాకలు కనిపించాక వీరమ్మ నోరు విప్పింది. తలుపులమ్మ వైపు చూడలేదు.

"మా తోడికోడలికి పొద్దున వాంతులు మొదలయ్యాయి. ముందు అక్కడికి పద."