గోడవార దివాన్

నోటినిండా మేకులు పెట్టుకుని, ఒక్కొక్కటే నాలుకతో పెదవుల మీదికి తోసుకుంటూ, దివాన్ అంచున గుడ్డ బిగిస్తున్నాడు మెత్తలాయన. సోఫాలకూ దివాన్లకూ మెత్తలు కుట్టీ కుట్టీ అసలు పేరు అరిగిపోయి అదే మిగిలింది. ఎడమ బొటనవేలు సుత్తిదెబ్బలకి చదునైపోయింది. ఎందరి నడుములకో సుఖం అమర్చినవాడి ఇంట్లో మాత్రం చాపే గతి. దీపం కింద చీకటంటే ఇదే మరి.

ఈ దివాన్ భార్య కోసం. మోకాళ్ళు అరిగిపోయి, నేల మీంచి లేవాలంటే ఆవిడకి గోడే దిక్కు. పెళ్ళయిన కొత్తలోనే "రేపు చేసిపెడతానే" అని మాటిచ్చాడు. రేపటికి రూపు లేదు కదా, ఇన్నేళ్ళు ఇట్టే పోయాయి. కూతురింటికెళ్ళిన ఆవిడ సాయంత్రానికి వచ్చేస్తుంది, ఆలోగా పూర్తి కావాలి. పొద్దున్నించీ ఎడమ భుజం లాగేస్తోంది, ఒళ్ళంతా చెమట. అయినా సుత్తి వదల్లేదు.

కూతురు బళ్ళో పాఠాలు చెబుతుంది. కిందటిసారి వచ్చినప్పుడు కబుర్లలో ఆ మాట ఎత్తింది.

"దివాన్ అంటే ఏంటో తెలుసా నాన్నా? పారసీ మాట. మొదట్లో కాగితాల కట్టని అనేవాళ్ళట. తర్వాత ఆ లెక్కలు చూసే కచేరీకి ఆ పేరొచ్చింది. మన దివాణం కూడా అదే. ఆ కచేరీలో గోడవార వేసిన మెత్తటి ఆసనానికీ చివరికి అదే పేరు అంటుకుంది."

"అయితే బతుకంతా దివాణంలో కొలువు చేశానన్నమాట!" అని మురిసిపోయాడు.

"ఆహా, గొప్ప కొలువే! రాణీగారేమో చాప మీద!" అంది భార్య.

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. కానీ ఆ మాట ఆయనకి ముల్లులా గుచ్చుకుంది. మర్నాడే చెక్క కోయించుకొచ్చాడు.

ఎండ గోడ దిగేసరికి పని అయిపోయింది. మిగిలిన మేకులు డబ్బాలో ఉమ్మేసి మూత బిగించాడు. అరచేత్తో మెత్తని నిమిరి చూశాడు. నడుమ మెత్తగా, అంచు గట్టిగా ఉంది. ఆవిడ చేతులు ఆనించి లేవాలనే అంచుని అలా బిగించాడు. ఇంతలో కళ్ళు తిరిగాయి. ఎదురుగా అంత ఆసనం ఉన్నా కూర్చోలేదు. కుట్టినవాడు ముందు కూర్చోకూడదు, సొంతదారే కూర్చోవాలని పని నేర్పిన మేస్త్రి చెప్పిన మాట. దివాన్‌ని ఆనుకుని నేల మీదే చతికిలబడి, తల దాని అంచుకి వాల్చాడు.

ఆవిడ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అమ్మో, ఎంత పని చేశారండీ!"

మెల్లిగా వచ్చి కూర్చుంది. అంచు పట్టుకుని లేచింది. మళ్ళీ కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చూశారా, గోడ పట్టుకోకుండా లేచాను!"

జవాబు లేదు. ఆవిడకది అలవాటే. నోట్లో మేకులుంటే ఆయన "ఊఁ" అని కూడా అనడు.

"చాల్లెండి, ఇటివ్వండి, మింగేస్తారు" అంటూ ఎప్పటిలాగే ఆయన గడ్డం కింద అరచెయ్యి పట్టింది.

గడ్డం చల్లగా తగిలింది. అయినా చెయ్యి తియ్యలేదు.

మూత బిగించిన మేకుల డబ్బా ఆయన పక్కనే నేల మీద ఉంది.